నాలుగున్నర గంటల ఫాసలా

బక్రీద్‌కి వాకాడు వెళ్తే ఈసారి ఇంట్లో నడిచిన బహస్ ఒక్కటే. మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ముగించి, చికాగోలో ఎమ్మెస్ సీటు తెచ్చుకున్నాడు. బావ ఖుషీగా ఉన్నాడు. ఆపాకి మాత్రం కంటి మీద కునుకు లేదు. ఖుర్బానీ గోష్త్ వాటాలు వేస్తూ వేస్తూ మధ్యలో ఆపేసి, చేతులు కూడా కడుక్కోకుండా నన్నడిగింది:

"ఒరే, ఆ చికాగో ఎంత దూరంరా? నిజం చెప్పు. పేపర్లో రాసేవాడివి కదా."

నేను నోరు తెరిచేలోపే పిల్లవాడు ఫోన్ చూసి చెప్పేశాడు. "అమ్మీ, హైదరాబాద్ నుంచి పదమూడు వేల మూడు వందల కిలోమీటర్లు."

"మీ పెద్ద మామూ ఉండే కువైట్ కంటే ఎక్కువా?"

"మూడున్నర రెట్లు."

ఆపాకి దునియాలో దూరం కొలిచే గజం ఒక్కటే, కువైట్. ఆమె తప్పేం లేదు. గూడూరు, కోట, వాకాడు, నాయుడుపేట వైపు గల్ఫ్‌లో ఒక మనిషైనా లేని ఖాందాన్ కావాలంటే వెతుక్కోవాలి. దుబాయ్ అంటే దగ్గర, సౌదీ అంటే ఇంకాస్త దూరం, కువైట్ అంటే భాయీజాన్. అంతే ఆమె జుగ్రాఫియా. ఆ గజంతో మూడున్నర సార్లు కొలిచి చూసుకుని మళ్ళీ గోష్త్ దగ్గర కూర్చుంది. ఇంకేం అనలేదు.

నేనూ ఏం అనలేదు. ఫోన్ చూసి కిలోమీటర్లు చెప్పే పని నేనొకసారి చేశాను. దాని ఖరీదు మా అబ్బా మయ్యత్ చెల్లించింది. ఆ సంగతి రాయాలని ఏడేళ్ళుగా అనుకుంటున్నా, రాయలేదు. ఆపా అడిగిన రోజు రాత్రి కూర్చున్నాను.

ముందు పిల్లవాడి లెక్క సంగతి. వాడు తప్పు చెప్పలేదు. సాయంత్రం అటక మీదున్న నా స్కూలునాటి గ్లోబు దించి, దారప్పోగు ఒకటి తీసుకుని, ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస చికాగో మీద పెట్టి బిగించి లాగాడు. "చూడు మామూ" అన్నాడు. గోడ మీద మ్యాపు చూసినవాళ్ళెవరైనా విమానం పడమరకి, అరబ్ దేశాల మీదుగా, యూరప్ మీదుగా, అట్లాంటిక్ దాటి పోతుందనుకుంటారు. దారం అలా పోలేదు. కాస్త పడమరకి ఒరిగి నేరుగా ఉత్తరానికి ఎక్కింది. మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి అల్లంత దూరంలో మలుపు తీసుకుని, కెనడా మీదుగా చికాగోలో దిగింది. గుండ్రటి దాని మీద రెండు చోట్ల మధ్య అతి తక్కువ దారి అదే. 2021 జనవరిలో ఎయిరిండియా వాళ్ళు హైదరాబాద్ నుంచి చికాగోకి ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టారు. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో అందరూ ఆడ పైలట్లే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. సుమారు 14 వేల కిలోమీటర్లు. ఆ వార్తకి హెడ్డింగ్ పెట్టినప్పుడు నాకూ దారం సంగతి తెలీదు.

ఈ దారం లెక్క మనకి పరాయిది కాదు. మనం రోజుకి అయిదుసార్లు నిలబడేది దాని మీదే. వాకాడు నుంచి మక్కా సుమారు 4,300 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం లాగితే అది తిన్నగా పడమరకి పోదు, పడమర నుంచి ఉత్తరానికి 17 డిగ్రీల దాకా జరుగుతుంది. మన పాత మస్జిదుల్లో పడమర గోడకి ముఖం పెట్టి చదివిన బుజుర్గులూ ఉన్నారు, వాళ్ళ నమాజ్ గురించి నేనేం అనట్లేదు, అల్లాహ్ కబూల్ చేయాలి. అమెరికా వెళ్ళిన మన పిల్లలు మొదట కంగారుపడేది కూడా ఇక్కడే. మక్కా తమకి తూర్పున, కాస్త దక్షిణంగా ఉందనుకుంటారు. చికాగోలో ఖిబ్లా ఈశాన్యం. దారం అటే పోతుంది మరి.

ఈ హిసాబ్ కోసం కష్టపడినవాడు అల్-బీరూనీ. ఉర్దూ మీడియంలో చదివినవాళ్ళకి పేరు కొత్త కాదు, పేరు తప్ప మిగతాది మాకెవరూ చెప్పలేదు. 973లో ఖ్వారిజమ్‌లో పుట్టాడు. ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉన్న నందనా కోట దగ్గర కొండెక్కి, అక్కడి నుంచి చూస్తే నేలా ఆకాశం కలిసే గీత కంటికి ఎంత కిందికి దిగి కనబడుతోందో కొలిచి, ఆ కోణం పట్టుకుని భూమి ఎంత పెద్దదో లెక్క కట్టాడు. 1025లో ముగించిన ఒక కితాబులో ఊళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి మధ్య ఫాసలా ఎంత అన్నది తేల్చడానికి కూర్చున్నాడు. గజ్నీకి ఖిబ్లా సరిగ్గా ఎటు అన్నది అతని ఫికర్. విమానం లేదు, ఉపగ్రహం లేదు. ఉన్నదల్లా కారవాన్లు నడిచే దారుల దూరాలు. ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఇన్ని ఫర్సఖ్‌లు అని ముసాఫిర్లు చెప్పే మాట. ఆ దారులు తిన్నగా ఉండవని అతనికి తెలుసు. కొండ చుట్టి పోతాయి, నీళ్ళున్న చోటికి ఒరుగుతాయి. అందుకని వాళ్ళు చెప్పిన దూరంలోంచి వంకరల కోసం కొంత కోత వేసి, మిగిలింది తిన్నని దూరంగా తీసుకున్నాడు.

వంకరలు తీసేస్తే తిన్నని దూరం వస్తుంది. ఇది చదివిన రోజు నాకు అబ్బా జనాజా గుర్తొచ్చి కితాబు మూసేశాను. నేను చేసిన తప్పేంటో తెలిసింది. నా ఫోన్ నాకు తిన్నని దూరం ఇచ్చింది. దానికి వంకరలు కలుపుకోవాల్సింది నేను. కలపలేదు.

2018 సెప్టెంబరు, గురువారం. ఇషా చదివి పడుకున్న అబ్బాకి గుండెనొప్పి వచ్చింది. గూడూరు తీసుకెళ్తుంటే దారిలోనే ఇంతెకాల్. రాత్రి పదకొండు. కువైట్‌లో అప్పుడు ఎనిమిదిన్నర. భాయీజాన్‌కి ఫోన్ చేసింది నేనే. అవతల చాలాసేపు ఏం వినబడలేదు. తర్వాత ఒక్క మాట, "చూస్తాను రా." నేను ఫోన్ పెట్టేసి వరండాలో ఉన్న రిష్తేదారులకి చెప్పాను, "భాయీజాన్ వస్తున్నాడు" అని. చూస్తాను అన్నదాన్ని వస్తాను అని తర్జుమా చేసింది నేను. తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి.

చేసి ఊరుకోలేదు. కువైట్ నుంచి మద్రాసుకి ఎంత అని ఫోన్లో కొట్టాను. సుమారు 3,800 కిలోమీటర్లు. విమానం వేగంతో భాగించాను. నాలుగున్నర గంటలు. తెల్లారి విమానం ఎక్కినా అసర్ కల్లా వచ్చేస్తాడని చెప్పాను. ఫజర్ తర్వాత పేష్ ఇమామ్ సాబ్ వచ్చి, జుమా తర్వాత జనాజా పెట్టుకుందాం, జమాత్ కూడా పెద్దగా ఉంటుంది అన్నారు. నేను ఫోన్ చూపించాను. "హజ్రత్, నాలుగున్నర గంటలే. పెద్ద కొడుకు. మిట్టీ ఇవ్వకపోతే జిందగీ అంతా బాధపడతాడు." ఆయన ఫోన్ వైపు చూడలేదు, నా వైపు చూశారు. ఇంటివాళ్ళ ఇష్టం అని లేచి వెళ్ళిపోయారు. జనాజాకి జల్దీ చేయమని హదీసులో ఉన్న తాకీదు ఆయన నాకు చెప్పలేదు. నాకు తెలుసని ఆయనకి తెలుసు.

నాయుడుపేట నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించాం.

అక్కడ భాయీజాన్ సంగతి మాకు తర్వాత తెలిసింది. అతని పాస్‌పోర్టు అతని దగ్గర లేదు, కంపెనీ బీరువాలో ఉంది. యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదని అక్కడి చట్టమే చెప్తుంది, అయినా పెట్టుకుంటారు, మనవాళ్ళూ ఇచ్చేస్తారు, అడిగితే నౌకరీ పోతుందని భయం. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు. బీరువా తాళం మందూబ్ దగ్గర ఉంటుంది. ఆ పెద్దమనిషి సెలవని ఎడారిలో గుడారం వేసుకున్న స్నేహితుల దగ్గరికి పోయాడు. శుక్రవారం రాత్రికి గానీ ఫోన్లో దొరకలేదు. పాపం మంచివాడే, శనివారం పొద్దున్నే వచ్చి పాస్‌పోర్టు తీసి, చేతిలో కొంత డబ్బు కూడా పెట్టాడట. అప్పటికి నేరుగా మద్రాసు వచ్చే విమానంలో సీటు లేదు. ఇంకో గల్ఫ్ నగరంలో దిగి, ఏడు గంటలు కూర్చుని, మారి రావాలి. టికెట్టు మామూలుకి మూడింతలు. ఆ లోపల నేను గంటకోసారి "ఎక్కావా" అని మెసేజ్ పెడుతూనే ఉన్నాను. అతను "చూస్తున్నా" అని జవాబిస్తూనే ఉన్నాడు.

ఇక్కడ శుక్రవారం జుమా అయింది, జమాత్ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళింది. అసర్ అయింది. మగ్రిబ్ అయింది. రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. షామియానా షాపు నుంచి జనరేటర్ తెచ్చాం. దాని చప్పుడుకి లోపల ఖురాన్ చదివే ఆడవాళ్ళ గొంతు వినబడలేదు. శనివారం జుహర్ వేళకి పెట్టె మోటారు ఆగింది. అబ్బా ముఖం గురించి నేను రాయను. అమ్మీ లేచి వచ్చి, ఆమె అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు, నాతో "బస్, ఇక చాలు" అంది. అసర్ తర్వాత దఫన్ చేశాం. ఇంతెకాల్ అయ్యి నలభై గంటల పైన.

భాయీజాన్ ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మద్రాసులో దిగాడు. ఇమిగ్రేషన్, సామాను, కారు. మీనంబాకం నుంచి మద్రాసు మొత్తం దాటాలి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, అక్కడ హైవే దిగి వాకాడు. తొమ్మిదింటికి వచ్చాడు. ఇంటికి రాలేదు, కారు కబరస్తాన్ దగ్గర ఆపించుకున్నాడు. మిట్టీ ఇంకా తడిగానే ఉంది. చాలాసేపు కూర్చుని లేచాక నన్నడిగాడు, "ఎంతసేపు ఆపారు?" చెప్పాను. "నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి రా" అన్నాడు.

మేం అడగలేదు. వాకాడులో ఎవరూ అడగరు. పర్దేస్‌లో ఉన్న కొడుకు కోసం మయ్యత్ ఆపడం మొహబ్బత్ అనుకుంటాం. వాడు రాలేకపోతే, ఆపి కూడా రాలేకపోయాడన్న బరువు వాడి మీదే పడుతుంది. రాకపోతే ఒక దుఃఖం. తన కోసం అబ్బా పెట్టెలో నలభై గంటలు ఉన్నాడని తెలిస్తే రెండో దుఃఖం. మొదటిది తఖ్దీర్, రెండోది మనం ఇచ్చింది.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. గల్ఫ్‌లో గానీ అమెరికాలో గానీ ఉన్న మనిషి కోసం జనాజా ఆపకూడదు. విమానం ఎక్కి సీట్లో కూర్చుని, అది దిగే టైము తెలిసి, ఆ టైము ఇంకో నమాజ్ వేళకి అందుతుంటే ఆ మాట వేరు. "చూస్తాను" అన్నదాని మీద ఆపకూడదు.

దీనికి నాకు తగిలే జవాబు ఏంటో తెలుసు. మీ కాలం వేరు, ఇప్పుడు విమానాలు ఎక్కువయ్యాయి అంటారు. అయ్యాయి. దునియా చిన్నదైపోయిందనీ అంటారు. వాకాడులో ఆ మాట అందరికంటే ముందు మాకే అనిపించాలి. దక్షిణాన కాస్త దూరంలో శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్-3 పోతుంటే మా మేడ మీద నిలబడి చూశాం. 3 లక్షల 84 వేల కిలోమీటర్ల అవతల ఉన్న చంద్రుడికి దారి మా పెరట్లోంచే. అదే మేడ దిగి మద్రాసు ఎయిర్‌పోర్టుకి పోవాలంటే కారులో నాలుగు గంటలు పెట్టుకోవాలి. దగదర్తిలో విమానాశ్రయం అన్న మాట ఏళ్ళుగా వింటున్నాం. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు రేణిగుంట మన ఎయిర్‌పోర్టు అయిందని సంబరపడ్డవాళ్ళూ ఉన్నారు. కువైట్ వెళ్ళేవాడు మాత్రం ఇప్పటికీ మద్రాసే పోతాడు.

దూరం మారదు, దారి మారుతుంది. మా ఖాలూ 1990లో కువైట్‌లో ఉన్నారు. ఆగస్టు 2న ఇరాక్ ఫౌజులు వచ్చాయి. ఎయిర్‌పోర్టు మూతపడింది. అప్పటిదాకా నాలుగున్నర గంటల దూరంలో ఉన్న ఇల్లు ఆయనకి ఎన్ని వారాల దూరం అయిందో. బస్సులో బస్రా, బగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాలు, తర్వాత అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానం. అలా లక్షా డెబ్భై వేల మంది మనవాళ్ళని తెచ్చారు. బొంబాయి నుంచి రైల్లో గూడూరులో దిగినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒక నీళ్ళ డబ్బా. దాన్ని ఖాలా చాలా ఏళ్ళు పారేయనివ్వలేదు. ఆయన ఇల్లు చేరేలోపు ఆయన వాలిదా ఇంతెకాల్ అయ్యి చహల్లుమ్ కూడా అయిపోయింది. ఎవరూ జనాజా ఆపలేదు. ఆపే సవాలే లేదు, ఆయన ఎక్కడున్నాడో తెలీదు కదా. ఖాలూ ఆ సంగతి చెప్పేటప్పుడు ఏడుస్తారు, కానీ దాన్లో ఎవరి మీదా నిష్ఠూరం ఉండదు. మా భాయీజాన్ ఏడవడు. నాకు ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలేను.

2020 మార్చిలో మళ్ళీ విమానాలు ఆగాయి. మామూలు అంతర్జాతీయ సర్వీసులు తిరిగి మొదలయ్యేసరికి 2022 మార్చి 27. ఆ రెండేళ్ళలో ఎందరు కొడుకులు జనాజాలు ఫోన్లో చూశారో మన మొహల్లాల్లో అందరికీ తెలుసు. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశం మన విమానాలకి మూసేసింది. పిల్లవాడి దారం సరిగ్గా దాని మీదుగానే పోతుంది. విమానం చుట్టూ తిరిగి పోవాలి. ఆకాశంలోనూ వంకరలు ఉన్నాయి, అవి కొండలూ బావులూ వేసినవి కావు, హుకూమత్‌లు వేసినవి.

అన్నిటికంటే పెద్ద వంకర కఫీల్. సౌదీలో 2021 మార్చి నుంచి ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు యజమాని ఇజాజత్ లేకుండానే వెళ్ళి రావచ్చని మార్చారు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ డ్రైవర్లకీ అది వర్తించలేదు. కువైట్‌లో తిరగబడింది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే పరదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, జల్దీగానే ఇస్తారంటారు. ఇవ్వచ్చు. శుక్రవారం రాత్రి, ఆ సాహెబ్ ఫోన్ ఎత్తకపోతే? ఎమ్మెస్ చదివే పిల్లలకి కఫీల్ లేడు గానీ వీసా ఉంది. బయటికొస్తే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో అన్న డర్‌తో అమ్మానాన్నల ఆఖరి చూపుకి రాని తెలుగు పిల్లలు హిందువుల్లోనూ ముసల్మానుల్లోనూ ఉన్నారు. వాళ్ళని బేఖదర్ అనే నోళ్ళూ చూశాను. ఆ నోళ్ళకి ఆ వీసా స్టాంపు ఒక్కసారి కొట్టించుకుని రమ్మనాలి.

మన ఫిఖహ్ ఈ విషయంలో నా ఫోన్ కంటే తెలివైనది. సఫర్‌కి హద్దు పెట్టినప్పుడు హనఫీ ఫుఖహా మూడు రోజుల నడక అన్నారు. మన ఉలమా దాన్ని 48 మైళ్ళుగా లెక్కపెట్టారు, సుమారు 77 కిలోమీటర్లు. మనిషి నడవగలిగినంత, మధ్యలో నిద్రపోతూ, నమాజ్ చదువుకుంటూ, ఒంటె ఆగిన చోట ఆగుతూ. అడుగుల్లో కొలిచారు, దారప్పోగుతో కాదు.

గాయబానా నమాజ్ గురించి అడుగుతారని తెలుసు. హబషా బాదుషా నజాషీ చనిపోయినప్పుడు హుజూర్ (స) మదీనాలో ఆయనకి జనాజా నమాజ్ చదివించారు. షాఫయీ, హంబలీ ఉలమా దాన్ని పట్టుకుని దూరంగా ఉన్న మయ్యత్‌కి చదవచ్చంటారు, హనఫీలు అది హుజూర్‌కి ఖాస్ అంటారు. మీ మస్లక్ ఏదో మీ ఆలిమ్‌ని అడగండి, నేను ముఫ్తీని కాను. దువాకి మాత్రం ఏ మస్లక్‌లోనూ ఫాసలా లేదు. వీడియో కాల్లో మయ్యత్ ముఖం చూపించడం బేఅదబీ అని మా ఊళ్ళోనే పెద్ద తగాదా అయింది. పదిమందికి పంపే వీడియో బేఅదబీయే, నేనూ ఒప్పుకుంటాను, వాట్సాప్ స్టేటస్‌లో మయ్యత్ పెట్టేవాళ్ళకి అల్లాహ్ హిదాయత్ ఇవ్వాలి. కొడుక్కి ఒక్కడికి, ఒక్క నిమిషం, గుసుల్ అయ్యాక, కఫన్ కట్టేముందు చూపిస్తే ఎవరికి నష్టం? ఆ ఒక్క నిమిషం భాయీజాన్‌కి ఇచ్చి ఉంటే శుక్రవారం జుమాకే అంతా అయిపోయేది. నాకు తట్టలేదు. ఫోన్ నా చేతిలోనే ఉంది, కిలోమీటర్లు చూడ్డానికి.

అటు నుంచి ఇటు వచ్చే మయ్యత్‌ల సంగతి ఇంకా కష్టం. కువైట్‌లో మనవాడు పోతే ఇక్కడికి తెప్పించాలని ఖాందాన్ పట్టుబడుతుంది. కాగితాలు, మందులు ఎక్కించడం, పెట్టె, విమానం, ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. అక్కడ ముసల్మానుల కబరస్తాన్ ఉంది, సులైబీఖాత్‌లో. అక్కడే దఫన్ చేయమని చెప్పే హిమ్మత్ మనకి ఉండాలని నా అభిప్రాయం. కొడుకు కబర్ చూడాలనుకునే తల్లికి ఈ మాట నేను ఎదురుగా నిలబడి చెప్పగలనా అంటే చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఇవన్నీ ఆ రాత్రి తీర్చుకునే విషయాలు కావు. వరండాలో జనం కూర్చుని ఉన్నప్పుడు, ఆడవాళ్ళు ఏడుస్తున్నప్పుడు, ఏ కొడుకూ "ఆపొద్దు" అనలేడు, ఏ తమ్ముడూ "అడుగుదాం" అనడు. బతికి ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి. పర్దేస్ పోయేవాడు పోయేముందే తల్లిదండ్రుల ముందు కూర్చుని ఫైసలా చేసుకోవాలి. పాస్‌పోర్టు ఎక్కడుంటుంది, టికెట్టుకి సరిపడా పైసలు విడిగా ఉన్నాయా, కబర్ ఎవరు అందిస్తారు, రాలేకపోతే మిట్టీ ఎవరిస్తారు. మనం సూట్‌కేసులో పచ్చడి డబ్బాలు ఎన్ని కిలోలో తూస్తాం, ఇది మాత్రం మాట్లాడం. అపశకునం అనుకుంటాం. అపశకునం మన మాట కూడా కాదు.

ఇదంతా ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. బావకి నచ్చలేదు, పిల్లవాడు ఇంకా ఎక్కకముందే మౌత్ మాట ఏంటి అన్నాడు. ఆపా లేచి లోపలికి పోయింది. అమ్మీ మాత్రం మంచం మీద నుంచి, "కాగితం తే" అంది. ఆమెకి తెలుగు రాయడం రాదు, ఉర్దూ చదువుతుంది. ఉర్దూలోనే రాయమంది. నా జనాజా ఎవరి కోసమూ ఆపొద్దు, తర్వాత వచ్చే నమాజ్‌కే తీసుకుపోండి, పెద్దవాడు లేకపోతే చిన్నవాడు మిట్టీ ఇస్తాడు. రాశాను. చేతులు వణికాయి, అక్షరాలు బాగా రాలేదు. భాయీజాన్‌కి వీడియో కాల్ చేయమంది. కువైట్‌లో అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు, యూనిఫాంలోనే ఉన్నాడు. కాగితం నేను చదివి వినిపించాను. అతను టోపీ తీసి తల దించుకున్నాడు. "ఠీక్ హై అమ్మీ" అన్నాడు.

ఆపా అప్పుడే తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. పిల్లవాడు గ్లోబు మీద దారం చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

అమ్మీ నా చేతిలో కాగితం వైపు వేలు చూపించింది. "అయిపోలేదు. కింద ఇంకోటి రాయి."

"ఏం రాయాలి?"

"ఈసారి రంజాన్‌కి రమ్మని రాయి. రెండేళ్ళయింది వచ్చి. టికెట్టు ఇప్పుడే చూడమను, ఫోన్ పెట్టేయొద్దను, నేను ఇక్కడే ఉంటా."

భాయీజాన్ ఫోన్ గోడకి ఆనించి పెట్టి ఇంకో ఫోన్ తీశాడు. తారీఖులు చూస్తున్నాడు.